ఫరంపేటలో కంగారు తాత

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెలాఖరున, యానాంలో ఫరంపేట ఆరోగ్య ఉపకేంద్రం పర్యవేక్షణ నాకు అప్పగించారు. అప్పటికి నేను లేడీ హెల్త్ విజిటర్‌ని. బయటివాళ్లకి మా వరసలు తెలియవు కాబట్టి ఒక్క మాట చెప్తాను. ఇల్లిల్లూ తిరిగేది ఆశా కార్యకర్త. ఆమె పైన టీకాలు వేసే ఏఎన్ఎం. ఆ ఇద్దరి పనీ సరిగ్గా సాగుతోందా లేదా అని చూసేది నేను. జనానికి ఈ తేడాలేం పట్టవు. తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి ఎవరైనా సరే, యానాంలో ఆవిడ సిస్టరు గారే.

ఫరంపేట ఆశా పేరు నూకరత్నం. ఈ పనిలో చేరకముందు ఇంటింటికీ తిరిగి చీరలు అమ్మేది. వద్దు మొర్రో అన్న మనిషి చేత కూడా చీర కొనిపించగల నోరు. ఆ నోరే ఇప్పుడు ఐరన్ మాత్రలకీ, టీకాలకీ పనికొస్తోంది. గర్భిణి కడుపు తిప్పుతోందని మాత్ర మానేస్తే, "ఏం, నీ రక్తం నువ్వే పెంచుకోకపోతే మీ ఆయన పెంచుతాడా?" అని వాకిట్లో నిలబడి వీధంతా వినబడేలా అడిగేది. ఆ సిగ్గుకైనా మాత్ర లోపలికి పోయేది. రాతపనిలో మాత్రం వట్టి మొద్దు. నెలకోసారి ఆమె పక్కన కూచుని నేనే కాలమ్‌లు నింపించేదాన్ని.

జూలై రెండో వారంలో ఒక మధ్యాహ్నం నూకరత్నం ఫోను చేసింది. "సిస్టరు గారూ, దేవి కవల పిల్లల్ని ఇంటికి పంపించేశారండి. పెద్దది పర్లేదు గానండి, చిన్నది మరీ పిచ్చుకపిల్లండి. మీరో పాలి రావాల."

దేవి ఆటో నడిపే సత్తిబాబు భార్య. తొలి కాన్పు. నెలలు నిండకుండానే కాకినాడ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఇద్దరాడపిల్లల్ని తీశారు. కొన్నాళ్లు అక్కడి గాజుపెట్టెల్లో ఉంచి, పాలు మింగడం నేర్చాక ఇంటికి పంపారు. పెద్దది రెండు కిలోల పైన ఉంది. చిన్నది ఆ గీత దాటలేదు. వచ్చేటప్పుడు డాక్టర్లు గట్టిగా చెప్పిన మాట ఒక్కటే: పిల్లల్ని కంగారూ పద్ధతిలో పెట్టుకోవాలి.

ఇది చాలా తేలికైన వైద్యం. బరువు తక్కువ బిడ్డకి ఒంట్లో కొవ్వుండదు, తన వేడి తాను నిలుపుకోలేదు. తిన్నదంతా వేడి కాచుకోడానికే ఖర్చయిపోతుంది, బరువు పెరగదు. అందుకని తలకి టోపీ, కాళ్లకి మేజోళ్లు, మొలకి గుడ్డ తప్ప ఇంకేం వేయకుండా బిడ్డని తల్లి రొమ్ముల మధ్య నిలువుగా పడుకోబెట్టి, పైన గుడ్డతో కట్టేస్తారు. ఒంటికి ఒళ్లు తగలాలి. మెడ పక్కకి తిప్పి ఉండాలి, ఊపిరాడాలి. ఎంత ఎక్కువసేపుంటే అంత మంచిది. కరెంటు అక్కర్లేదు, మందులక్కర్లేదు. కావలసిందల్లా కదలకుండా కూర్చునే ఒక వెచ్చటి గుండె.

దేవికి ఉన్నది ఒక్క గుండె. పిల్లలు ఇద్దరు. పైగా మనిషి నీరసంగా ఉంది, కుట్లింకా లాగుతున్నాయి. అత్తగారు సత్యవతికి ఉబ్బసం, ఎడతెరిపి లేని దగ్గు, కాబట్టి ఆవిడ పనికిరాదు. దేవి తల్లి ఎప్పుడో పోయింది. సత్తిబాబు రాత్రిళ్లు పెట్టుకుంటానన్నాడు గాని పగలు ఆటో తిప్పకపోతే ఇల్లు గడవదు. ఇక మిగిలింది ఇంటి పెద్ద, పోలయ్య.

పోలయ్య గోదావరి మీద వల వేసే మనిషి. తాటిమొద్దు లాంటి శరీరం, బుంగమీసం, నోట్లో చుట్ట. గొంతెత్తితే ఏటి అవతలి గట్టున పడవలు ఆగుతాయని పేటలో చెప్పుకునేవారు. నూకరత్నం సరాసరి ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"బాబాయ్, చొక్కా విప్పు."

"ఎందుకే?"

"చిన్నదాన్ని నీ గుండెకి కట్టాల. కంగారూ పద్ధతి."

పోలయ్య చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. "కంగారెందుకే? నిదానంగా సెప్పు."

ఆ మాటకి గుమ్మంలో కూచున్న దేవి, కుట్ల మీద చెయ్యి ఒత్తిపట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఆపుకోలేక, "అమ్మా, నవ్వించకండి, లాగేత్తంది" అని ఏడుస్తూ నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలని సత్యవతి చెప్పింది. కంగారూ అనేది ఒక జంతువనీ, పొట్ట సంచిలో పిల్లని మోస్తుందనీ నేను విడమరిచి చెప్పాను. పోలయ్య శ్రద్ధగా విని, "అయితే ఆడ జంతువే గదండీ మోసేది?" అని అడిగాడు.

అసలు అడ్డంకి వేరే ఉంది. గోదావరికి అప్పుడే వరద ఎర్రనీరు తగిలింది. ఎర్రనీరు వస్తే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ పులస చేప వస్తుంది. ఏడాదికి ఆ కొద్ది వారాలే దాని కాలం. పోలయ్య లాంటివాడికి ఆ రోజుల్లో ఇంట్లో కూచోమనడం, పెళ్లిపందిట్లో పెళ్లికొడుకుని లేచి పొమ్మనడంతో సమానం. దేవి ఒళ్లో ఉన్న చిన్నదాన్ని చూశాడు. దాని ముఖం ఆయన అరచేతిలో సగం ఉంటుంది.

"ఎన్నాళ్లు?" అన్నాడు.

"రెండున్నర కిలోలయ్యేదాకా" అన్నాను.

ఆయన చుట్టని గోడకేసి నలిపి ఆర్పాడు. నూకరత్నం ఊరుకోలేదు. చుట్ట మానాలి, సబ్బుతో స్నానం చెయ్యాలి, గోళ్లు తీసుకోవాలి, ఉతికిన పంచె కట్టాలి, పిల్ల గుండెమీద ఉండగా అరవకూడదు. ఒక్కొక్కటీ చెప్తుంటే, "ఆయ్... ఆయ్..." అంటూ తల ఊపాడు. చివరిదానికి మాత్రం సత్యవతి, "అది మటుకు ఆయన వల్ల కాదే" అంది.

మర్నాడు నేనూ నూకరత్నం కలిసి ఆయన్ని పడకకుర్చీలో వెనక్కి వాల్చి, చిన్నదాన్ని గుండెల మీద కప్పపిల్లలా పరిచి, దేవి పాత నూలు చీరతో చుట్టి కట్టాం. పోలయ్య ఊపిరి బిగబట్టేశాడు. "బాబాయ్, నువ్వు ఊపిరి తీసుకో, పర్లేదు" అని నూకరత్నం చెప్పాల్సి వచ్చింది. కాసేపటికి చిన్నది ఒక్క నిట్టూర్పు విడిచి నిద్రపోయింది. ఆ నిట్టూర్పు తగిలిన చోటు చూసుకుని పోలయ్య గుసగుసగా, "నిద్దరోయింది" అన్నాడు. నదిని దద్దరిల్లించే గొంతు అంత సన్నగా పలకగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. సత్యవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. అక్కడినుంచి నవ్వూ దగ్గూ కలిసి వినిపించాయి.

అప్పటినుంచి పేటకి అదో తిరనాళ్లయింది. కొత్తగా ఎవరొచ్చినా ముందు పోలయ్య ఇంటికి తీసుకొచ్చి చూపించేవారు. కంగారు పోలయ్య అన్న పేరు పిల్లలు కాక పెద్దలే పెట్టారు. బయటి మనుషులు మీద పడితే పిల్లలకి జబ్బులంటుకుంటాయని నూకరత్నం గుమ్మం ముందు ముగ్గుపిండితో గీత గీసి, దాటితే కాళ్లిరగ్గొడతానంది. జనం గీత అవతలే నిలబడి చూసేవారు. పోలయ్య జతగాళ్లు ఏటినుంచి వస్తూ గీత దగ్గర ఆగి, తమకి పడ్డ చేపని తోక పట్టుకుని ఎత్తి చూపించేవారు. ఆయన కళ్లు మెరిసేవి. అరవకూడదు కాబట్టి చేతులతో సైగలు చేసేవాడు: వల ఇంకాస్త కిందికి వెయ్యాల, లంక పక్కనించి తిప్పాల. వాళ్లకి అర్థం కాక ఇంకేదో చేసి చూపించేవారు. ఆ మూగనాటకం చూడ్డానికే నేను నా తిరుగుడు దారి మార్చుకుని ఆ వీధి మీదుగా వెళ్లేదాన్ని.

రెండేసి గంటలకి పాలు. పెద్దది తల్లి రొమ్మే పట్టేది. చిన్నది పట్టి, నాలుగు గుక్కలు తాగి అలిసిపోయేది. అందుకని పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టమన్నాం. దేవికి పాలు పడాలని సత్యవతి రోజు మార్చి రోజు సొరచేపతో సొరపిట్టు వండేది. వారానికోసారి నూకరత్నం సంచితో ఉన్న త్రాసుని దూలానికి తగిలించి పిల్లల్ని తూచేది. తూచేముందు పోలయ్య తన అంచనా చెప్పేవాడు. జీవితమంతా చేపలు తూచిన చెయ్యి కదా అని మొదట్లో నేను గౌరవంగా విన్నాను. ఒక్కసారి కూడా దగ్గరికి రాలేదు. ప్రతిసారీ ఎక్కువే చెప్పేవాడు. "చేపలోళ్ల తూకం అంతేనండి సిస్టరు గారూ, చెప్పేది ఎప్పుడూ పెద్ద చేపే" అంది నూకరత్నం.

బరువు మాత్రం కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది. నేను పొంగిపోయాను. అలా పొంగిపోయి ఉన్న రోజుల్లోనే ఆ ఆగస్టు వాన వచ్చింది.

ముందురోజు సాయంత్రం కనకాలపేట నుంచి సత్యవతి అక్క వచ్చింది. ఎందరో పసిపిల్లలకి కాళ్లమీద వేసుకుని నీళ్లు పోసిన మనిషి. ఇన్నాళ్లూ పిల్లలకి నూనె రాసి నీళ్లు పొయ్యలేదని విని గుండెలు బాదుకుంది. తెల్లారాక, ఆ ఉదయమే పోలయ్య జతగాడు పరుగున వచ్చాడట. పులస దండుగా తిరుగుతోంది, పడవలో మనిషి చాలడం లేదు, ఒక్క గంట రమ్మన్నాడు. పోలయ్య కోడలి వైపు చూశాడు. "ఎళ్లండి మావయ్యా, ఒక్క గంటే గదా" అంది దేవి. ఆయన వెళ్లాడు. అక్కగారికి పిల్లలకి నీళ్లు పొయ్యడానికి దారి దొరికింది. నలుగు పెట్టి, తలంటు పోసి, సాంబ్రాణి వేసింది. పెద్దది తట్టుకుంది. చిన్నది పాలు తాగడం మానేసింది.

నూకరత్నం ఫోనులో నవ్వు లేదు. "సిస్టరు గారూ, పాదాలు మంచులా ఉన్నాయండి. లేపితే లేవట్లేదండి."

పసిబిడ్డ విషయంలో మేం నేర్చుకున్న లెక్క ఇది: పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చలి మొదలైంది. రెండూ చల్లగా ఉంటే బిడ్డ ప్రమాదంలో ఉంది. మోకాళ్ల కిందిదాకా నీళ్లున్న వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచివెళ్లి పొట్ట మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

అంబులెన్సుకి ఫోను చేశాం. అది వేరే కేసుతో కాకినాడ దారిలో ఉందన్నారు. సత్తిబాబు ఆటో తీసుకుని బయల్దేరానన్నాడు. ఈలోగా పోలయ్య వచ్చాడు. చేతిలో నిగనిగలాడుతున్న పులస, ముఖం నిండా నవ్వు. గుమ్మంలో మా ముఖాలు చూసి ఆగిపోయాడు. చేప అక్కడే జారవిడిచాడు. పెరట్లోకి పరిగెత్తి, బిందెడు నీళ్లు గుమ్మరించుకుని, సబ్బు రుద్దుకుని, తువ్వాలుతో ఒళ్లంతా ఎర్రగా తుడుచుకుని వచ్చి, "కట్టండి" అన్నాడు.

కట్టాం. ఆటోలో వెనక దేవి, గుండె మీద పెద్దది. పక్కన పోలయ్య, గుండె మీద చిన్నది. ఆయన ముందు వంగి కూచుని నూకరత్నం, చీర లోపలికి చెయ్యి పెట్టి దాని పాదాలు పట్టుకుంది. ముందు సీట్లో సత్తిబాబు పక్కన సీటు అంచు మీద నేను. వాన అడ్డంగా కొడుతోంది. సత్తిబాబు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. "రోడ్డు చూసి తోలు బాబూ" అని మాత్రం అన్నాను.

పోలయ్య చిన్నదానితో మాట్లాడుతున్నాడు. గుసగుసగా, ఆగకుండా. "ఏటి తల్లీ, తాత మీద కోపమా? ఎళ్లనులే. ఇంక ఎక్కడికీ ఎళ్లను. ఎర్రనీరు వస్తే రానీ, పోతే పోనీ." దేవి ఏడవడం లేదు, ఆయన గొంతునే వింటోంది. నేను వెనక్కి తిరిగి పిల్ల ఛాతీ కదులుతోందా అని చూస్తున్నాను. కదులుతోంది. అంతకంటే ఏమీ లేదు.

యానాం ఆస్పత్రికి సగం దూరం వచ్చాం. పోలయ్య ఉన్నట్టుండి మాట ఆపేశాడు. నేను సీటు మీదుగా వెనక్కి వంగాను.

"నూకరత్నం," అన్నాడు, "ఏదో ఎచ్చగా..."

నూకరత్నం చీర లోపల తడిమింది. చెయ్యి బయటికి తీసి చూసుకుంది. ఆ తర్వాత ఆటో పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. "ఉచ్చ పోసిందండీ! సిస్టరు గారూ, తాత మీద ఉచ్చ పోసేసిందండీ!"

మరుక్షణం చిన్నది మూతి ముడిచి ఏడుపు అందుకుంది. పిల్లి కూనకున్నంత గొంతు. అయినా ఆ వానలో అందరికీ వినబడింది. పోలయ్య నియమాలన్నీ మరిచి, "ఏడువు తల్లీ! ఏడువు!" అని పాత గొంతుతో అరిచాడు. దానికి ఉలిక్కిపడి అది మరింత ఏడ్చింది, చెల్లెలికి తోడుగా పెద్దదీ అందుకుంది. దేవి నవ్వుతోంది, ఏడుస్తోంది. సత్తిబాబు ఎందుకో తెలియకుండానే హారను నొక్కిపట్టేశాడు. రోడ్డు పక్క దుకాణం చూరు కింద నిలబడ్డవాళ్లు పెళ్లిబృందం అనుకున్నారేమో, చేతులూపారు. నేను తిరిగి చేతులూపాను. తెల్లకోటులో ఉన్న ప్రభుత్వోద్యోగిని, వానలో సగం బయటికి వేలాడుతూ, ఎవరో తెలియని జనానికి చేతులూపుతూ వెళ్లాను.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరు పుదుచ్చేరి నుంచి వచ్చిన కుర్రాయన. తెలుగు ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాడు. తడిసి ముద్దయిన ఈ గుంపుని చూసి, "ఈ పాప తల్లి ఎక్కడ?" అని అడిగాడు.

"ఈ పూటకి నేనేనండి" అన్నాడు పోలయ్య.

డాక్టరు ఆయన బుంగమీసం చూశాడు, గుండె మీది మూట చూశాడు, నన్ను చూశాడు. నేను వీలైనంత అధికారికంగా వివరించాను. ఒంటి వేడి చూస్తే మామూలుకి కాస్త తక్కువ దాకా ఎక్కింది. రక్తంలో చక్కెర చూశారు, పర్లేదన్నారు. దేవి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పడితే చిన్నది గుటకలేసింది. వేడి పెట్టెలో పెడదామా అని నర్సు అడిగితే, డాక్టరు తల అడ్డంగా ఊపి, "ఈయన బాగానే పని చేస్తున్నాడు. ఇలాగే ఉంచండి" అన్నాడు. ఒకరోజు ఉంచి చూద్దామన్నాడు.

చిక్కల్లా బాలింతల వార్డులో మగవాళ్లని ఉంచకూడదన్న నియమంతో వచ్చింది. నియమం సరైనదే. చివరికి వార్డు వసారాలో ఒక మూల మంచం వేసి, చుట్టూ తెరలు కట్టి, పోలయ్యని అక్కడ పడుకోబెట్టారు. వార్డులోని బాలింతలు తెర పక్కకి తీసి తొంగిచూసి వెళ్లేవారు. ఆ సాయంత్రానికి ఒకామె తన భర్తని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "చూడు, నేర్చుకో" అని తెర ముందు నిలబెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం సత్యవతీ, వాళ్లక్కా కేరియర్‌తో వచ్చారు. గుమ్మంలో జారవిడిచిన పులసని ఆ ఇద్దరూ పులుసు పెట్టారట. పులస పులుసు మర్నాడే రుచి అని గోదావరి వాళ్లకి చెప్పనక్కర్లేదు. అక్కగారి కళ్లు ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి. నూకరత్నం ఆవిడని పక్కన కూచోబెట్టుకుని, "పిన్నీ, మీరు నీళ్లు పొయ్యండి, రెండున్నర కిలోలు దాటాక. అప్పుడు మీ చేత్తోనే పొయ్యాల" అంది. మందలించాల్సిన నేను ఆ మాట విని ఆవిడ చేతిలో కేరియర్ అందుకున్నాను. లబ్ధిదారుల నుంచి కానుకలు తీసుకోరాదని మాకు నియమముంది. చేపల పులుసు కానుక కింద వస్తుందా రాదా అని డాక్టరు గారిని అడిగాను. అప్పటికే ఆయన నోటి నిండా అన్నం ఉంది.

ఇంటికి వెళ్లాక పోలయ్య ఏటి మొహం చూడలేదు. ఎర్రనీరు తగ్గింది, పులస కాలం వెళ్లిపోయింది. సెప్టెంబరులో ఒక బుధవారం త్రాసు దూలానికి తగిలించి నూకరత్నం చిన్నదాన్ని సంచిలో వేసింది. పోలయ్య, "మూడు కిలోలు" అన్నాడు. ముల్లు రెండున్నర దాటి, ఒక్క పిసరు అవతల ఆగింది. నూకరత్నం పోలయ్య రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. ముగ్గు గీత అవతల ఉన్న జనమంతా ఒక్కసారిగా లోపలికి వచ్చేశారు. ఆ రోజు ఎవరి కాళ్లూ ఇరగలేదు. కనకాలపేట అక్కగారికి కబురు పెట్టారు, ఆవిడ వచ్చి తలుపులు మూసి, గోరువెచ్చని నీళ్లు పోసి, పొడిగా తుడిచి, పిల్లని తిన్నగా తల్లి గుండెకి అందించింది.

ఆ తర్వాత నెలలో కనకాలపేటలోనే ఒక ఇంట్లో బరువు తక్కువ బిడ్డ పుట్టింది. ఆ తండ్రి మగవాళ్ల పని కాదన్నాడట. నూకరత్నం పోలయ్యని సత్తిబాబు ఆటోలో ఎక్కించి తీసుకెళ్లింది. ఆయన లోపలికి వెళ్లి ఆ కుర్రాడితో అన్న మొదటి మాట, "జేబులో సిగరెట్టు పెట్టె అవతల పడెయ్. చొక్కా విప్పు." నేను వెళ్లేసరికి ఆ కుర్రాడు ఊపిరి బిగబట్టి కుర్చీలో ఉన్నాడు.

అన్నేళ్ల ఉద్యోగంలో తల్లీబిడ్డల సమావేశాలకి ఆడవాళ్లనే పిలిచాం. పదకొండు గంటలకి పెట్టేవాళ్లం, ఆ వేళకి మగవాళ్లెవరూ ఇళ్లలో ఉండరు. రారు కాబట్టి వాళ్లకి అక్కర్లేదని అనుకున్నాం. మిగిలిన ఉద్యోగకాలమంతా ఫరంపేటలో సమావేశం పడవలు వచ్చాక సాయంత్రం పెట్టించాను, ఇంట్లో ఒక మగమనిషి కూడా రావాలని కబురు చేయించాను. వచ్చారు. ఇంటికి వెళ్లే ఆరోగ్య కార్యకర్త తల్లినొక్కదాన్నే కాదు, ఆ ఇంట్లో పనికొచ్చే మనుషులందరినీ చూడాలి, చూసి పేరుపెట్టి పని అడగాలి. ఈ సంగతి నా తర్వాత ఆ బాధ్యత తీసుకున్నావిడకి చెప్పి, తాళాలిచ్చి వచ్చాను.